గుంటూరు - విజయవాడ ఉదయపు ప్యాసింజర్ వేళ మారకముందే మా అభ్యంతరం ఎవరికి తెలపాలి?

గుంటూరు నుంచి నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ మీదుగా విజయవాడ వెళ్లే ఉదయపు ప్యాసింజర్ బండిని ఇకపై గంట ఆలస్యంగా నడపాలనే ఆలోచన ఉన్నట్లు మా నంబూరు స్టేషనులో చెప్పుకుంటున్నారు. దూరం తక్కువే అయినా, తెనాలి వైపు నుంచి వచ్చే లైను కూడా కృష్ణా కెనాల్ దగ్గరే కలుస్తుంది కాబట్టి, వంతెన దాటడానికి బండి అక్కడ ఎంతసేపు ఆగుతుందో ముందుగా చెప్పలేము. ఇప్పుడున్న వేళకే నేను ఆఫీసుకు చివరి నిమిషంలో చేరుతున్నాను. మూడు నెలల సీజన్ టికెట్ ఇటీవలే తీసుకున్నాను. నాకంటే ఎక్కువగా, బస్సు ఛార్జీ రోజూ భరించలేని కూలీల గురించి, పూలు, కూరగాయల గంపలతో ఎక్కే ఆడవాళ్ల గురించి బాధగా ఉంది.

అందరం సంతకాలు చేసిన వినతిపత్రాన్ని స్టేషన్ మాస్టరుకు ఇస్తే సరిపోతుందా, లేక నేరుగా డివిజనల్ రైల్వే మేనేజర్‌కు పంపాలా? డివిజన్ స్థాయిలోని వినియోగదారుల సంప్రదింపుల కమిటీ సభ్యులను కలిస్తే ఫలితం ఉంటుందా? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోపే కొత్త వేళలు అమలైపోతాయేమోనని నా భయం. ఇలాంటి ప్రయత్నం చేసి బండి వేళను నిలబెట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, వినతిపత్రంలో ఏయే వివరాలు రాశారో దయచేసి తెలియజేయగలరు.