సీరియల్ రచయితలకు ఒక ప్రశ్న: మా యాసలో రాస్తే చదువుతారా?

నమస్తే సార్. మాది ప్రొద్దుటూరు. పగలు బట్టల అంగట్లో లెక్కలు రాస్తా, రాత్రి సీన్లు రాస్తా. రెండేళ్లుగా ఒకటే కథ: అప్పుల్లో పడిన మగ్గం ఇల్లు, పంతం వదలని అత్తాకోడళ్లు. 20 ఎపిసోడ్లకు వన్‌లైన్ (ఏ సీన్లో ఏం జరుగుతుందో క్లుప్తంగా, డైలాగులు లేకుండా) అయింది, మొదటి 3 ఎపిసోడ్లకు డైలాగులు కూడా.

చిక్కంతా భాషతోనే. "ఎసరు పొయ్యి మీద పెట్టి యాడికి పోతాండావ్ మే?" అని అత్త అంటే సీన్ లేస్తుంది. "ఎక్కడికి వెళ్తున్నావమ్మా?" అని మారిస్తే ఉప్పు లేని సంగటే. హైదరాబాద్‌లో ఒకాయన ఫోన్లో విని, "ఆ యాస విలన్‌కు పెట్టుకో" అని నవ్వినాడు. సీమలో సుమోలే తిరుగుతాయా సార్, సంసారాలు ఉండవా?

యాస అందరికీ ఉంచాలా, అత్త ఒక్కదానికేనా? ముందు పంపాల్సింది వన్‌లైనా, డైలాగ్ వెర్షనా? ఛానల్‌కా, నిర్మాతలకా? ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో కథలకు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, అది చేయించకుండా కథ చెప్పడం తప్పా? (ఒకరికి చెప్పేసినా, అందుకే భయం.)

ఉద్యోగం అడగడం లేదు సార్. ఒక్క సీన్ చదివి, యాడ సాగతాందో చెప్పినా చాలు.