కాజీపేట రైల్వే గ్రౌండ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఎవరికన్నా గుర్తున్నయా?

అన్నలూ, రైల్వే క్వార్టర్స్‌ల పెరిగినోళ్లు ఎవరన్నా ఉన్నరా? మా గల్లీ టీంకు ఒక్క తీరు బనీన్లు సుత లేకుండె, అయినా ఆదివారం మ్యాచ్ అంటే డ్యూటీ దిగిన లోకో పైలట్లు ఇంటికి పోకుండ బ్యాగులు పట్టుకొనే గ్రౌండ్‌కు వస్తుండె, నేను గోల్ వెనుక నిలబడి గొంతు పోయేదాక అరుస్తుంటి. మీరు ఏ టీంకు సపోర్ట్ చేసేటోళ్లు?

కాకతీయ పోరడు: మాది హన్మకొండ, ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్. మా గోల్‌కీపర్ పొద్దున పాలు పోసేటోడు, సాయంత్రం గోల్ ఆపేటోడు. ఓడిపోయినా ఆయనకే చాయ్ తాపిచ్చేది.

ఖని బిడ్డ: గోదావరిఖనిల మా బాపు సింగరేణిల చేసిండు. ఫస్ట్ షిఫ్ట్ దిగి అన్నం తిని సీదా ఆటకే. బొగ్గుబావిల అంత కష్టపడ్డంక గూడ ఎట్ల ఉరికేటోళ్లో, ఇప్పటికీ ఆ మనుషులంటే నాకు మస్తు గౌరవం.

పాత ప్రేక్షకుడు: తమ్మీ, మా నాయిన ఎప్పుడూ హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ముచ్చట్లే చెప్పేటోడు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదుసార్లు బొంబాయిల జరిగిన రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టింది, ఆయన కోచింగ్‌లనే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్. ఆ ముచ్చట్లు ఇనే మా వాడకట్టుల పోరగాళ్లందరం బంతి పట్టినం.

కాజీపేట తమ్ముడు: అన్నా, మస్తు చెప్పినవ్. ఎవరింట్లనన్నా పాత టీం ఫోటోలు ఉంటే ఇక్కడ పెట్టుండ్రి, మా సీనియర్లకు చూపిస్త.