ఈ వారం సమస్య: చప్పుడాగి నిదుర జారిపోయె

నిర్వాహకుడు:
ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలూ రాసి మీరు పూరించాలి, విషయం మన విశాఖ చప్పుళ్ళు. 1933లో పోర్టు, 1948లో షిప్‌యార్డు నుంచి జలఉష ఓడ నీళ్ళలోకి దిగడం, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్‌ప్లాంటు, ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి గానీ మల్కాపురంలోనో గాజువాకలోనో పెరిగినోళ్ళకి ముందు చెవికే తెలిసాయి, సైరన్ని బట్టే ఇంట్లో ఎసరు పెట్టేవారు. చప్పుడాగితే నిద్ర పట్టాలి గదా, మరెందుకు పోయిందో మీరు చెప్పాలి.

మల్కాపురం కుర్రాడు:
మండుటెండ వేళ మాయమాయె కరెంటు
ఫ్యాను తిరుగుటాగె పక్క కాలె
తాత విసనకర్ర తడుముకొనుచు లేచె
చప్పుడాగి నిదుర జారిపోయె

గాజువాక మాస్టారు:
అక్షరాల లెక్క చూసే గణాలు, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిర్చే యతులు, రెండూ సరిపోయాయి బాబూ, విసనకర్ర తడుముకోడం కళ్ళకి కట్టింది. కానీ ఈ పద్యం తెనాలిలోనూ రాయొచ్చు, తునిలోనూ రాయొచ్చు. మనూరేది ఇందులో?

స్టీల్‌సిటీ అమ్మాయి:
మా నాన్నారిది సీ షిఫ్టు, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా. ఆయన పడుకుంటే వీధిలో పిల్లలం గుసగుసలే, అమ్మ మిషను మాత్రం ఆగకూడదు.

రాత్రి డ్యూటి చేసి రాగానె నాన్నారు
పక్క మీద వాలె పట్టె నిదుర
అమ్మ మిషను కుట్టుటాపినంతనె చూడు
చప్పుడాగి నిదుర జారిపోయె

గాజువాక మాస్టారు:
ఇదీ పూరణంటే! ఫ్యాక్టరీ పేరెత్తకుండా ఫ్యాక్టరీని ఇంట్లోకి తెచ్చేసావమ్మా. "కుట్టుట + ఆపిన" సంధిలోని ఆకారాన్ని "అమ్మ"లో అకారానికి యతిగా వేసావు, అది సరైనదే. మూడో పాదం చివర "చూడు" మాత్రం గణం కోసం వచ్చి కూర్చుంది, అక్కడ "లేచె" పెడితే గణం చెడదు, మనిషి లేచినట్టూ ఉంటుంది.

స్టీల్‌సిటీ అమ్మాయి:
"లేచె" బావుంది మాస్టారూ, అదే ఉంచేద్దాం.

రైలుకట్ట రమణి:
మాది కంచరపాలెం. బైలడిలా గనుల ఇనుప ఖనిజం కిరండోల్ లైన్లో పోర్టుకొచ్చేది, ఇంజన్ లాగిందంటే మొదటి వ్యాగన్ దగ్గర పుట్టిన దెబ్బ ఒక్కో కప్లింగూ పట్టుకుని ధన్ ధన్మని గార్డు పెట్టె దాకా పాకేది, నేను మంచం మీద ఆ చివరి దెబ్బ కోసం ఎదురుచూసి అప్పుడు కళ్ళు మూసేదాన్ని.

రైలుకట్ట ప్రక్క రాత్రెల్ల వ్యాగన్లు
గుద్దుకొన్న మోత కూర్మి జోల
అత్తవారి పల్లె నడుగిడు తొలిరేయి
చప్పుడాగి నిదుర జారిపోయె

మల్కాపురం కుర్రాడు:
అక్కా, పద్యం చాలా నచ్చింది, ఒక్క అనుమానం. చప్పుడు ఆగలేదు గదా, అక్కడ మోగుతూనే ఉంది, మీరే దూరం వెళ్ళారు. "ఆగి" అతుకుతుందా?

గాజువాక మాస్టారు:
మంచి ప్రశ్న. రైలు యార్డులో ఆగలేదు, ఆ పిల్ల చెవిలో ఆగింది. సమస్య ఎవరి చప్పుడో చెప్పలేదు కాబట్టి ఆ వెసులుబాటు కవిది, నేనైతే ఒప్పుకుంటాను. నా ఓటు దీనికే, రెండోది ఆ వెంటనే.

నిర్వాహకుడు:
షిప్‌యార్డు సైరన్ మీద ఇంకా ఎవరూ రాయలేదు. "సైరను" భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు, ఒకటి, మూడు పాదాల చివర వచ్చే ఇంద్రగణం చోట హాయిగా ఇముడుతుంది, ఆదివారం దాకా టైముంది, కుర్రాడు ఇంకోటి పట్టుకు రావాలి.