శోభనం దుప్పటి మీద మరక: మీటింగుల ఎట్ల చెప్పాలె?

ఏఎన్ఎం_నర్సంపేట:
వచ్చే వారం పెండ్లి కుదిరిన ఆడపిల్లలతోని, వాళ్ల తల్లులతోని ఆరోగ్య మీటింగ్ ఉన్నది. "మొదటి రాత్రి రక్తం రాకుంటె పిల్ల మంచిది కాదు", "సైకిల్ తొక్కితె కన్నెపొర చినుగుతది" – ఈ రెండు మాటలు తప్పకుండ వస్తయి. పిల్ల కన్నెపిల్లే అని డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ దొరుకుతదా అని కూడ అడుగుతున్నరు. బొమ్మ పెడితె తలలు దించుకుంటరు. వేరే ఉపాయం ఉన్నదా?

గైనిక్_హన్మకొండ:
జడకు పెట్టుకునే గుడ్డ రబ్బరు బ్యాండు పట్టుకపోండి అక్కా, చాలు. అందరూ కన్నెపొర అంటె డప్పుకు తోలు బిగించినట్టు మూసి ఉంటదనుకుంటరు. అది యోని ద్వారం అంచున ఉండే మెత్తటి మడత. సందు పుట్టుకతోనే ఉంటది. లేకుంటె నెలసరి రక్తం ఎటు నుంచి వస్తుందని అడగండి, సగం అనుమానం అక్కడనే పోతది. తర్వాత బ్యాండును రెండు వేళ్లకు తొడిగి సాగదీసి వదలండి. పెద్దమనిషి అయినంక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వల్ల ఆ మడత మందమై గట్లనే సాగుతది. ఒకరికి గుండ్రంగ, ఒకరికి నెలవంక లెక్క, కొందరికి నడుమ అడ్డపోగుతో ఉంటది. గర్భంతో ఉన్నోళ్లకు సైతం పొర మీద ఏ గుర్తూ కనపడని కేసులున్నయి. పొర చూసి కన్నెరికం చెప్పగలిగిన డాక్టర్ ఎవరూ లేరు.

ఒక్క జాగ్రత్త. "సైకిల్ తొక్కినా చినుగుతది, అందుకే రక్తం రాలేదు" అని పిల్లను కాపాడబోయి చెప్పకండి. అది కూడ తప్పే, పైగా రేపటి నుంచి సైకిల్ బంద్ చేపిస్తరు.

స్టాఫ్‌నర్స్_పరకాల:
రక్తం చానామందికి రాదు. వచ్చినా చుక్కలే. భయంతో కండరాలు బిగుసుకపోవుడు, తడి లేకపోవుడు, మొగోని తొందర – గీకుడు పడేది వీటివల్ల. మెడికల్ షాపుల నీటితో చేసిన జెల్లీ దొరుకుతది. కొబ్బరినూనె మాత్రం కండోమ్‌తోని వద్దు, లేటెక్స్ చినుగుతది. పటిక నీళ్లతో కడుగుడు బిగుతు చెయ్యదు, మంట పెడతది. గంటలోపే ప్యాడ్ నిండితె యోని లోపలి గోడ చినిగినట్టు అనుమానించాలె, కుట్లు పడొచ్చు. తెల్లారేదాక ఆగకుండ వరంగల్‌ల సీకేఎం దవాఖానకో, దగ్గరున్న కాన్పుల దవాఖానకో పోవాలె.

వకీలమ్మ_వరంగల్:
సర్టిఫికెట్ మాటకు: 2018ల ప్రపంచ ఆరోగ్య సంస్థ కన్నెరికం పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదు, ఆపేయమన్నది. 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు, అత్యాచార బాధితులకు యోనిల రెండు వేళ్లు పెట్టి చూసే పరీక్ష చేసిన డాక్టర్‌ది దుష్ప్రవర్తనే అని తీర్పు ఇచ్చింది. పెండ్లి కోసం రాసిచ్చే కాగితానికి విలువ ఏముంటది?

ఏఎన్ఎం_నర్సంపేట:
బ్యాండు ఉపాయం బాగుంది. పదిహేనేండ్లు దాటినా నెలసరి రాని పిల్ల గురించి అడిగితె?

గైనిక్_హన్మకొండ:
నెలనెలా పొత్తికడుపు నొప్పి ఉన్నదా, మూత్రం ఆగుతున్నదా అడగండి. ఉంటె స్కానింగ్. అరుదుగ కొందరికి పొర పూర్తిగ మూసుకొని పుడతది, రక్తం లోపలనే పేరుకుంటది. చిన్న కోతతో పోతది. "కన్నెరికం పోతది" అని తల్లులు వాయిదా వేసేది ఈ ఆపరేషన్‌నే. తల్లి ఒక్కదాన్నే పక్కకు పిలిచి, అదే బ్యాండు సందుకు గుడ్డ అడ్డం కట్టి, మూసుకున్న పొర ఇట్ల ఉంటదని చూపించండి.