అప్‌డేట్: బోరు నీళ్ల టైట్రేషన్‌లో నీలం నిలవట్లేదన్న ప్రశ్న

నల్లగొండ బోరు నీళ్ల కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉందో) టైట్రేషన్‌తో, అంటే వాటిని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనాన్ని రంగు ఎరుపు నుంచి నీలానికి మారేదాకా కొద్దికొద్దిగా పోసి కొలుస్తుంటే, నీలం వచ్చాక మళ్లీ ఎర్రబడుతోంది, ఎందుకని ఇంతకుముందు అడిగాను. ఇండికేటర్ (రంగు మారి ముగింపు చూపే పదార్థం) తప్పేం లేదు. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పోశాక పీహెచ్ 10 దగ్గర కాల్షియం కార్బొనేట్ సన్నగా అవక్షేపమై, తర్వాత మెల్లగా కరుగుతోంది. అలా కరిగిన కాల్షియం ఇండికేటర్‌తో కలుస్తోంది, అందుకే ఆ ఎరుపు.

ఇప్పుడు 25 మి.లీ. నీళ్లకు అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, 2 మి.లీ. అమ్మోనియా బఫర్, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి ఇండికేటర్ వేస్తున్నాను. అవక్షేపం ఏర్పడకుండా బఫర్ పోసిన 5 నిమిషాల్లోపు ముగించాలి, చివర్లో ఈడీటీఏ చుక్క చుక్కగా పోయాలి. ఊదా ఛాయ పూర్తిగా పోయేదాకా పోస్తూనే ఉండాలి.

0.01 మోలార్ ఈడీటీఏ 14.5 మి.లీ. పట్టిందంటే, 40తో గుణిస్తే కఠినత్వం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 580 మి.గ్రా. ఫలితం వరకైతే ఈ 40 చాలు. బీఎస్సీ విద్యార్థులతో మాత్రం అదెలా వచ్చిందో రాయించాలి. ఫ్లోరైడ్ ఇందులో తెలియదు, దానికి వేరే పరీక్ష.