1999 కామ్రీ ఆటోమేటిక్: మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ రేస్ అవుతోంది, రివర్స్ ఆలస్యం

డల్లాస్_99:
1999 కామ్రీ, 4 సిలిండర్ల 2.2 లీటర్ ఇంజిన్, ఏ140ఈ గేర్‌బాక్స్, 1,82,000 మైళ్లు. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఆర్‌పీఎం 2,500 నుంచి 3,200కి ఎగిరి, ఆ తర్వాతే గేరు పట్టుకుంటోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రివర్స్ వేస్తే మూడు సెకన్ల దాకా కదలదు. ముందుకు నడిపే డీలో ఆ ఆలస్యం లేదు. గేర్‌బాక్స్ లోపాన్ని సూచించే ఓడీ ఆఫ్ (ఓవర్‌డ్రైవ్ ఆఫ్) లైటు మినుకుమనడం లేదు, స్కానర్‌లో కోడ్‌లూ లేవు. గేర్‌బాక్స్ ఆయిల్ గోధుమరంగులోకి తిరిగింది. బాక్సు మొత్తం మార్చాలని ఒక షాపులో అన్నారు, ఆ ఖర్చు కారు విలువను మించిపోతుంది. ముందు ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

పానా_ఫ్రెమాంట్:
మొదట ఆయిల్ లెవెల్. అరగంట నడిపి, చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు తొక్కి పీ నుంచి ఎల్ దాకా ఒక్కో స్థానంలో కాసేపు ఆపుతూ వెళ్లి మళ్లీ పీకి రండి. అప్పుడు డిప్‌స్టిక్ తుడిచి పెట్టి తీస్తే హాట్ గీతల మధ్య ఉండాలి. ఇంజిన్ ఆపి చూస్తే లెక్క తప్పుతుంది.

ఈ బాక్సులో డిఫరెన్షియల్‌కి (చక్రాలకు శక్తిని పంచే గేర్లకు) గది వేరు, ఆయిల్ కూడా వేరు. ఆక్సిల్ సీల్ దగ్గర కారితే పోయేది ఆ ఆయిలే, డిప్‌స్టిక్ మీద ఏమీ తెలియదు. చాలా కామ్రీల్లో ఇది ఎవరూ చూడక బేరింగులు మాడిపోతాయి. పోసే రంధ్రం ప్లగ్ విప్పి వేలు పెట్టండి, ఆయిల్ అంచుకి 5 మి.మీ. లోపు తగలాలి. మొత్తం మారిస్తే 1.6 లీటర్లు పడుతుంది, అదీ డెక్స్‌రాన్ ఆయిలే. పోసే ప్లగ్ ఊడుతుందని తేల్చుకున్నాకే కింది ప్లగ్ విప్పండి.

ఆయిల్‌ని ఒత్తిడితో తోసి మార్చే ఫ్లష్ మెషీన్ జోలికి మాత్రం పోవద్దు.

థ్రాటిల్_కేబుల్:
థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుల్ చూడండి డల్లాస్ గారూ. దాన్ని బిగిస్తే గేర్లు ఆలస్యంగా పడతాయని అంతా అంటారు. పాత 3 స్పీడ్ బాక్సులకు అది నిజమే. ఏ140ఈలో గేరు ఎప్పుడు మార్చాలో కంప్యూటర్ తేలుస్తుంది. కేబుల్ పని లోపలి ఆయిల్ ప్రెషర్ పెంచడం. అది వదులైతే ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి, ఎక్కువ బిగిస్తే గేరు ధన్‌మని పడుతుంది. థ్రాటిల్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు లోపలి తీగ వేలాడకూడదు, తీగమీది చిన్న లోహపు ముడికీ కేబుల్ చివరకీ మధ్య ఖాళీ 0 నుంచి 1 మి.మీ. ఉండాలి. చివర రబ్బరు బూట్ ఉన్న రకమైతే పెడల్ పూర్తిగా తొక్కించి, బూట్ అంచు నుంచి అదే కొలత.

మీరు చెప్పిన రెండు లక్షణాలూ ఒకే చోటికి వస్తున్నాయి. మూడో గేరుకీ రివర్స్‌కీ ఉమ్మడిగా పనిచేసేది డైరెక్ట్ క్లచ్, రిపేర్ పుస్తకంలో దాని పేరు సీ2. డీలో మొదటి గేరుకి దాని అవసరం లేదు, అందుకే అక్కడ ఆలస్యం కనిపించడం లేదు.

వేడెక్కాక ఎన్ నుంచి డీ, ఎన్ నుంచి ఆర్ వేసి ఎంతసేపటికి కుదుపు తెలుస్తుందో స్టాప్‌వాచ్‌తో చూడండి. డీకి 1.2, ఆర్‌కి 1.5 సెకన్ల లోపు ఉండాలి. నిమిషం గ్యాప్‌తో మూడుసార్లు చూసి సగటు తీయండి.

డల్లాస్_99:
డీ 0.9, ఆర్ 2.1. లెవెల్ హాట్ కింది గీతకి తక్కువగా ఉంటే సరిచేశాను. కేబుల్‌కి బూట్ లేదు, తీగ 4 మి.మీ. వదులుగా వేలాడుతోంది. స్టాల్ టెస్ట్‌లో (బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ చేరే ఆర్‌పీఎం) డీ 2,400, ఆర్ 2,850. ఎల్‌లో ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే వేగం తగ్గించడం) బాగుంది.

థ్రాటిల్_కేబుల్:
స్టాల్ 2,450కి 150 అటూఇటూ ఉండాలి. కాబట్టి డీ మంచిదే, రివర్స్ జారుతోంది. రివర్స్‌లో సీ2తో పాటు బాక్సు లోపలి బీ3 బ్రేకు కూడా పట్టాలి. ఎల్‌లో ఇంజిన్ బ్రేకింగ్ ఇచ్చేది ఆ బీ3యే, అంటే అది బాగుంది. మిగిలింది సీ2.

కానీ కేబుల్ వదులుగా ఉండగా తీసిన 2,850ని నమ్మొద్దు. లాక్‌నట్లతో సరిచేసి, మళ్లీ చూడండి. చక్రాలకు అడ్డాలు, రెండు బ్రేకులూ, ఒక్కసారికి 5 సెకన్లు దాటకుండా. జారుడు దాచడానికి 1 మి.మీ. మించి మాత్రం లాగొద్దు. ఇంకో మాట: ఐడిల్‌లో కేబుల్ ప్రభావం పెద్దగా ఉండదు, కాబట్టి ఆ 2.1 సెకన్లకు అది కారణం కాదు. రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటాయి.

పానా_ఫ్రెమాంట్:
తర్వాత పాన్ (బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తట్ట) దించండి. ఒక విడతకు 2.5 లీటర్లే మారుతుంది, ఇంజిన్‌కీ బాక్సుకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోది అలాగే ఉండిపోతుంది. అందుకే వారం తేడాతో మూడుసార్లు చేయాలి. ఫిల్టర్ మొదటిసారే మార్చండి. పాన్ బోల్టులకు 4.9 న్యూటన్ మీటర్లు చాలు, చేతి బలంతో బిగిస్తే పాన్ అంచు వంగి గాస్కెట్ దగ్గర కారుతుంది. అయస్కాంతాల మీద నల్లటి మెత్తటి పేస్ట్ సహజం. ఇసుకలా నల్లటి రేణువులుంటే అది ప్లేట్ల పొర. రాగిరంగు తళుకులుంటే బుష్‌లు పోయాయి, ఆయిల్ డబ్బులు కూడా దండగ.

పాన్ శుభ్రంగా ఉండి రేస్ మిగిలితే, వాల్వ్ బాడీ (ఆయిల్‌ని క్లచ్‌లకు పంపే భాగం) దించి సీ2 అక్యుములేటర్ (క్లచ్ మెల్లగా పట్టేలా చేసే స్ప్రింగు పిస్టన్) ఓ రింగులు మార్చండి. బాక్సు కిందికి దించక్కర్లేదు. పిస్టన్లూ స్ప్రింగులూ ఒకదానికొకటి మారకుండా తీసిన వరసలోనే ఫోటో తీసి పెట్టుకోండి. అప్పటికీ రివర్స్ స్టాల్ 2,600 దాటితే సీ2 ప్లేట్లు అరిగినట్టే, బాక్సు దించాల్సిందే.