ఎగ్జిమా మందుల ప్రయోగాలన్నిటికీ ఒకే కొలతలు ఉండాలా?

కొలబద్ద:
ఒక మందు మీద వచ్చిన ప్రయోగాల ఫలితాలన్నీ ఒకచోట చేర్చుదామని కూర్చున్నాను. ఎగ్జిమా తీవ్రతను కొలవడానికి ఒకరు ఈజీ స్కోరు వాడారు, గరిష్ఠం 72. మరొకరు స్కోరాడ్, గరిష్ఠం 103. ఈజీలో వైద్యుడు చర్మం మీద చూసిందే లెక్క. స్కోరాడ్‌లో రోగి చెప్పిన దురద, నిద్రలేమి కూడా కలుస్తాయి. ఒకరు బియ్యం తూచారు, మరొకరు పప్పు కలిపి తూచారు. ఎలా కూడేది? అందుకే హోమ్ అనే అంతర్జాతీయ బృందం ఎంచిన కనీస కొలతలను అందరూ వాడి తీరాలంటాను. చర్మ లక్షణాలకు ఈజీ, రోగి బాధకు పోయెమ్ ప్రశ్నావళి, దానితోపాటు గత 24 గంటల్లో దురద ఎంత ముదిరిందో 0 నుంచి 10 లోపు ఒక అంకె. జీవన నాణ్యతకూ దీర్ఘకాలిక అదుపుకూ వేరే ప్రశ్నావళులున్నాయి.

సందేహాలరావు:
ఆ బృందంలో 30 శాతం కన్నా తక్కువ మంది కాదంటే ఏకాభిప్రాయం కుదిరినట్టే. ఇది శాస్త్రమా, పంచాయతీ తీర్మానమా? పైగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు ఐజీఏ స్కోరు కావాలి, అంటే వైద్యుడు చర్మాన్ని మొత్తంగా చూసి తీవ్రతకు వేసే ఒకే అంకె. అది ఈ జాబితాలోనే లేదు.

కొలబద్ద:
ఓటుకు ముందు ఏ స్కేలు నమ్మదగినదో పరిశోధనలన్నీ జల్లెడ పట్టారండీ. ఇక ఇది కనీస జాబితా. ఐజీఏ కూడా కొలుచుకోండి, ఎవరు వద్దన్నారు?

నల్లరేగడి:
నా అభ్యంతరం వేరు. ఈజీలో ఎరుపు, ఉబ్బు, గీరిన గాట్లు, చర్మం మందమెక్కడం, ఒక్కోదానికి 0 నుంచి 3 వేస్తారు. మనలాంటి నల్లని ఒంటి మీద ఎరుపు ఊదాగానో బూడిదగానో కనిపిస్తుంది. చేతుల మీద మూడో వంతు మేర ఎగ్జిమా ఉందనుకోండి, ఆ విస్తీర్ణానికి అంకె 3. ఎరుపు 2, మిగతావి 2, 1, 1 అయితే మొత్తం 6. దాన్ని 3తో, చేతుల వాటా 0.2తో గుణిస్తే 3.6. ఎరుపును 1 అని పొరబడితే 3.0. తల, మొండెం, కాళ్ల దగ్గరా ఇదే జరిగితే? ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఎగ్జిమా మీద చేసే ప్రయోగాలు చాలావాటిలో ఈజీ 16 ఉంటేనే లోపలికి రానిస్తారు. అంటే మనవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అందరికీ ఒకే కొలత అంటే, అందరికీ ఒకే తప్పు కూడా.

ఇద్దరు పిల్లల తల్లి:
వైద్యుడి దగ్గరికి వెళ్లిన రోజున మా చిన్నవాడి చర్మం ఎంత బుద్ధిగా ఉంటుందో! ముందు రోజు రాత్రి దుప్పటి మీది రక్తపు చుక్కలు ఆయన చూడరు. పోయెమ్‌లో ఏడు ప్రశ్నలు, వారంలో ఎన్ని రోజులు దురద, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, ఎన్ని రోజులు రక్తం కారింది... ఇవి నన్నడిగితే నిద్రలో లేపినా చెబుతాను. ఎరుపు గొడవ అందులో లేనే లేదు.

సందేహాలరావు:
అమ్మా, మూడు రాత్రులైనా నాలుగైనా అందులో మార్కు మారదు, తెలుసా?

ఇద్దరు పిల్లల తల్లి:
తెలుసు. ఆ నాలుగో రాత్రి మేలుకున్నది నేనే.

కొలబద్ద:
నల్లరేగడి గారూ, ముదురు ఛాయ వాళ్లకు ఎరుపు అంకెను ఒక మెట్టు పెంచమనే సూచన ఉంది. కానీ ఏ ఛాయ నుంచి పెంచాలో ఇద్దరు వైద్యులను అడిగితే రెండు జవాబులొస్తాయి. అక్కడ మాత్రం మీదే పైచేయి.